తడిగుడ్డ పదును

చింతలమిట్ట ప్రభుత్వ ఉద్యాన నర్సరీలో ఆ రోజు రిబ్బను తెగి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. రిబ్బను తెగలేదు.

జూన్ మొదటివారంలో అక్కడ అంటుల మహోత్సవం పెట్టారు. మామిడికి అంటు కట్టే కాలం వస్తోంది కాబట్టి కమిషనర్‌గారే వచ్చి ప్రారంభించాలనీ, అదీ కత్తెరతో కాకుండా అంటు కట్టే జేబుకత్తితోనే రిబ్బను కోయాలనీ ఎవరికో గొప్ప ఆలోచన వచ్చింది. ఆలోచన వచ్చిన మహానుభావుడు స్టోరులోంచి కొత్త కత్తి తీసి, దాని మీది గ్రీజు కూడా తుడవకుండా ఇత్తడి పళ్లెంలో పెట్టి అందించాడు. కొత్త కత్తి నూరుకుంటే తప్ప తెగదని ఆ వేదిక మీద ఎవరికీ తెలియదు. కమిషనర్‌గారు ఇటునుంచి కోశారు, రిబ్బను అటు వంగింది. అటునుంచి కోశారు, ఇటు వంగింది. బ్యాండువాళ్లు స్వాగతగీతం మూడుసార్లు వాయించి, నాలుగోసారికి ఊపిరి చాలక ఆపేశారు. చివరికి నర్సరీలో అంటు మొక్కలకు ప్లాస్టిక్ పట్టీలు చుట్టే రెడ్డెమ్మ ముందుకొచ్చి, "రవ్వంత జరుగండి సార్" అని ముడి విప్పేసింది. పేపర్లో మాత్రం కమిషనర్‌గారు పళ్లు బిగబట్టి రిబ్బను లాగుతున్న ఫొటోయే పడింది.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది.

"శాఖాపరమైన జేబుకత్తుల పదును విషయమై తీవ్రమైన అలసత్వం నెలకొని యున్నట్లు ఉన్నతాధికారుల స్వీయానుభవంలో వెల్లడైనందున, రాష్ట్రమంతటికీ ఏకరూపమైనదియు, చవకైనదియు, జేబులో ఇముడునదియు అగు పదును సాధనమొకటి ఎంపిక చేయుటకై కమిటీ నియమించడమైనది. ఎంపిక పూర్తగు వరకు సిబ్బంది ఎవ్వరూ ఆమోదం లేని సాధనములతో కత్తులకు పదును పెట్టరాదు. అట్టి సాధనములన్నియు నమూనాలుగా సమర్పించవలెను."

కత్తులకు పదును రావాలని పుట్టిన కాగితం కత్తులు నూరడాన్ని నిషేధించింది. అది చదివిన వందమందిలో ఒక్కరికీ నవ్వు రాలేదు. నవ్వితే సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతుంది కదా!

సర్క్యులర్ అందిన పూటే ఫారం అధికారి ప్రహ్లాదరావు ఒక ఖాకీ కవరు, లక్క, కొవ్వొత్తి పట్టుకుని మొక్కల షెడ్డుకు వచ్చాడు. ప్రహ్లాదరావు మంచివాడే. పామును చూసినా పక్కకు తప్పుకుని పోగలడు గానీ, పైనుంచి కాగితం వచ్చిందంటే మాత్రం కాళ్లూ చేతులూ ఆడవు.

"చెంగల్రాయుడూ, ఆ రాయి ఇలా ఇవ్వు."

చెంగల్రాయుడు ముప్పయ్యొక్క ఏళ్లుగా అక్కడ అంటు కట్టే మేస్త్రి. అతని జేబులో ఎప్పుడూ బొటనవేలంత సానరాయి ముక్క ఒకటి ఉంటుంది. క్షౌరశాల ఓబన్న సాన కిందపడి రెండు ముక్కలైనప్పుడు చిన్న ముక్క అడిగి తెచ్చుకున్నాడు. పైసా ఖర్చు లేదు. జేబులో ఉన్నట్టే ఉండదు. పది అంట్లకొకసారి దాని మీద ఉమ్మి తడిచేసి, కత్తిని నాలుగు తిప్పులు తిప్పి, ముంజేతి మీద వెంట్రుక తెగుతోందో లేదో చూసుకుంటాడు. కమిటీ వెతకబోతున్నది సరిగ్గా ఆ వస్తువునే. అది మాత్రం కమిటీ చివరిదాకా కనుక్కోలేదు.

"యే రాయి సార్?"

"నీ జేబులోది. నమూనాగా సమర్పించాలి."

"ఇది నమూనా కాద్సార్. నా రాయి."

"నీదేనయ్యా. అందుకే కవరు మీద నీ పేరే రాస్తున్నా. చూడు, చెంగల్రాయుడులో అరసున్న ఉందా?"

"సార్, ఇది లేకుంటే నేను అంటు కట్టలేను. మొద్దుకత్తితో కోస్తే చెక్కు నలుగుతాది. నలిగిందంటే అతుకు నల్లబడి చస్తాది. మీకు తెల్సు గదా, ఈ ఏడు సాంబ్రాణి చెట్టుకు కట్టాల."

ప్రహ్లాదరావుకు తెలుసు. ఆ నర్సరీలో ఎవరినడిగినా చెబుతారు. నాలుగో బ్లాకు మూలన ఉండే సాంబ్రాణి మామిడి ఇంకెక్కడా లేదు. పండు కోస్తే గదంతా ధూపం వేసినంత వాసన. మే నెలలో పిడుగు పడి మాను నిలువునా చీలింది. దక్షిణం వైపు కొమ్మ ఒక్కటే పచ్చగా మిగిలింది, దానికి రెండువందల దాకా లేత పుల్లలున్నాయి. ఆ పుల్లలను ఈ వానల్లోనే కోసి వేరే మొక్కల మీద అంటు కట్టేయాలి. ఆ కొమ్మ మొదట్లోంచి ఎండుకొస్తోంది, వచ్చే ఏటిదాకా ఆగదు. చెంగల్రాయుడికి ఆ చెట్టంటే ప్రాణం.

"కమిటీ ఎంతసేపయ్యా? పదిహేను రోజుల్లో తేల్చేస్తారు" అని ప్రహ్లాదరావు కవరు మూసి లక్క అంటించాడు.

చెంగల్రాయుడు మరునాడు ఇంటి దగ్గర సొంత కత్తి నూరుకుని వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ పాత పేపరు ముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పొద్దున్నుంచే పదును తనిఖీ పెట్టారట. కత్తి పేపరు మీద లాగాడు, సర్రున తెగింది.

"తెగింది మేస్త్రీ. లోపలికి ఇడిచేది లేదు" అని కత్తి తీసి పెట్టెలో వేసుకున్నాడు. వెనకాలే రెడ్డెమ్మ సంచిలోంచి ఉల్లిపాయలు కూడా తెగని కత్తి ఒకటి బయటపడింది. దానికి సలాము కొట్టి లోపలికి పంపాడు.

"పుల్లలన్నా ఇంటికి తీస్కపోయి కట్టన్నా" అంది రెడ్డెమ్మ. పోయేటప్పుడు కూడా సంచులు వెతుకుతున్నారు. సర్కారు చెట్టు పుల్ల సంచిలో దొరికితే దొంగతనం కేసే.

కమిటీ పదిహేను రోజులకు కాదు, నలభై రోజులకు వచ్చింది. కత్తులు నిజంగా వాడే చోటే కూర్చోవాలన్న ఉత్సాహంతో చింతలమిట్టలోనే కూర్చుంది. అధ్యక్షులు ఉపసంచాలకులు అనంతపద్మనాభంగారు. ఆయన మాట్లాడితే ప్రతి వాక్యం చివర పేరా మారినట్టు వినిపిస్తుంది.

మొదటిరోజంతా జేబు దగ్గరే పోయింది.

"జేబులో ఇముడునది అనగా ఎవరి జేబులో?" అని అధ్యక్షులవారు ప్రశ్నించారు. ఆయన చొక్కా జేబులో కళ్లజోడు పెట్టె పడుతుంది. ప్రహ్లాదరావు ప్యాంటు జేబులో మొక్కజొన్న పొత్తు పడుతుంది. సభ్యురాలు వసంతకోకిలగారు చీరకు జేబే ఉండదనీ, ఈ నిర్వచనం సగం సిబ్బందిని పదునుకు దూరం చేస్తోందనీ అసమ్మతి తెలిపారు. టీ పట్టుకొచ్చిన రెడ్డెమ్మను ఆపి అభిప్రాయం అడిగారు.

"మాకు జేబెందుకు సార్, కొంగున ముడేసుకుంటాం" అంది రెడ్డెమ్మ.

సాధనం కొంగున ముడివేయుటకు సైతం అనువుగా ఉండవలెనని రాసుకున్నారు. టీ చల్లారిపోయిందని మళ్లీ తెప్పించారు.

రెండోరోజు కంపెనీలు పంపిన నమూనాలు బల్ల మీద పరిచి చెంగల్రాయుణ్ని పిలిచారు. అతను ఆశగానే వెళ్లాడు. బల్ల మీద ఆరు వస్తువులు; లక్క వేసిన అతని కవరు మాత్రం లేదు. ఒకటి కత్తిని గాడిలో పెట్టి లాగేది. ఒకటి పెన్సిలంత తెల్లటి పింగాణీ కడ్డీ. ఒకటి వజ్రపు పొడి అద్దిన పలచటి బిళ్ల. మిగతావి వాటికే రంగులు మార్చినవి. చెంగల్రాయుడు గాడి ఉన్నదాన్ని తీసి చూసి పక్కన పెట్టేశాడు.

"ఇది మనకు పనికిరాదు సార్. ఇది రెండు పక్కలా గీకుతాది. అంటుకత్తికి ఒక పక్కే వాలు, ఇంగోపక్క సాపుగా ఉండాల. అట్లయితేనే పుల్ల సాపుగా తెగి అతుక్కుంటాది."

అనంతపద్మనాభంగారు కళ్లజోడు సవరించుకున్నారు. "అనగా మీ కత్తి ఒక పక్షానికే మొగ్గు చూపునన్నమాట."

"అవున్సార్. ఆ పక్కే నూరాల."

"ప్రభుత్వ సాధనం ఒక పక్షానికి మొగ్గరాదు. ఉభయ పక్షాలనూ సమదృష్టితో చూడవలసి యున్నది. రాసుకోండి."

"సార్, ఈ బిళ్ల బాగుండాది. చూస్తే తెలస్తాంది, జేబులో పడతాది, శానా ఏండ్లు వస్తాది. ఇది ఇప్పిస్తే ఈ పొద్దే పని మొదులుపెడతా. కొమ్మ సగం ఎండిపాయ సార్, నూరు పుల్లలు గూడా మిగిల్లేదు."

"బాగుండుట అనునది వ్యక్తిగతమైన అభిప్రాయము. కమిటీకి అభిప్రాయములతో నిమిత్తము లేదు. కమిటీకి అంకె కావలెను. పదును ఎంత? శాతమెంత?"

పదును శాతాల్లో ఎలా కొలుస్తారో చెంగల్రాయుడికి తెలియదు. ముంజేయి చూపించి, వెంట్రుకలు తెగిన చోటు చూడమన్నాడు. వసంతకోకిలగారు మొహం తిప్పుకున్నారు.

అప్పుడు అనంతపద్మనాభంగారు శాఖవారి పరిభాషా పదకోశం తెప్పించి, ప అక్షరం తీసి, వేలు పెట్టి చదివారు. "పదును: నాల్గుచినుకులు పడిన పిదప దుక్కికి, విత్తుటకు అనువుగా నేలలో నిలుచు తడి. కొలుచువారు: భూపరీక్ష ప్రయోగశాల." పుస్తకం మూసి సభను కలయజూశారు. "శాఖలో పదునుకు నిర్వచనమున్నది, కొలుచు యంత్రాంగమున్నది. ఇన్నాళ్లూ మనము వినియోగించుకొనలేదు."

"సార్, అది నేల పదును. ఇది కత్తి పదును" అన్నాడు చెంగల్రాయుడు.

"పదకోశంలో రెండు పదునులు లేవు" అన్నారు అధ్యక్షులవారు.

అలా నర్సరీలోని పద్నాలుగు కత్తులూ, బల్ల మీది నమూనాలూ మట్టి పరీక్షించే ప్రయోగశాలకు వెళ్లాయి. అక్కడివాళ్లు తమ పని తాము శ్రద్ధగా చేశారు. మూడు వారాలకు నివేదిక వచ్చింది. "పంపబడిన కత్తులను నూట అయిదు డిగ్రీల వేడిలో ఒక రోజంతా ఆరబెట్టి, ముందు వెనుకల బరువు పోల్చి చూడగా, చెక్క పిడిలో తొమ్మిది శాతం పదును ఉన్నట్లు తేలినది. ఇనుప భాగంలో పదును శూన్యము."

కమిటీ మళ్లీ చింతలమిట్టలో సమావేశమైంది. పిడికున్న పదును అలుగుకు ఎందుకు లేదన్న దానిమీద పూటంతా చర్చ జరిగింది. వసంతకోకిలగారు పిడితో కోయడం అలవాటు చేస్తే ఎలా ఉంటుందని సూచించారు. చివరికి ప్రయోగశాల చేసిన సిఫారసునే అమలు పరచాలని తీర్మానించారు. సిఫారసు చాలా స్పష్టంగా ఉంది: చివికిన పశువుల ఎరువు, వారానికి రెండు తడులు, ఎండ తగలకుండా పైన గడ్డి కప్పు.

మూడో నంబరు మడి చదును చేశారు. పద్నాలుగు కత్తులను జానెడు ఎడంతో, అలుగు మట్టిలోకి, పిడి పైకి ఉండేలా నాటారు. ప్రహ్లాదరావు నాటిన తేదీతో బోర్డు రాయించాడు. నీళ్లు పోసే పని రెడ్డెమ్మకు పడింది.

"యెన్ని దినాలకు మొలస్తాయి సార్?" అని అడిగింది ఆమె క్యాను పట్టుకుని.

"నోర్మూసుకుని పొయ్యి" అన్నాడు ప్రహ్లాదరావు. అతనికీ ఏడుపొస్తోంది. కానీ రాతపూర్వకంగా ఏడవడానికి దారి లేదు.

మంచి వాన పట్టిన రోజులవి. చుట్టుపక్కల పల్లెల్లో అందరూ అంట్లు కట్టుకుంటున్నారు. చెంగల్రాయుడు రోజూ పొద్దున నాలుగో బ్లాకుకు పోయి పిడుగు కొమ్మను తడిమి చూసేవాడు. నలుపు రోజుకింత పైకి పాకుతోంది. తొంభై పుల్లలు, ఎనభై, డెబ్భై. కోయడానికి ముందు పుల్లల ఆకులు తుంచి పది రోజులు చెట్టుమీదే ఉంచితే మొగ్గ ఉబ్బుతుంది, అప్పుడు కోసి కడితే బాగా పడుతుంది. కత్తి సంగతి ఏదైతే అదవుతుందని అతను ఆకులు తుంచేశాడు. తుంచాక పది పన్నెండు రోజులకు మించి ఆగకూడదు. అతనికి కోపంతో రాత్రిళ్లు అన్నం కూడా సయించడం లేదు. ముప్పయ్యొక్క ఏళ్లలో లక్ష అంట్లు కట్టినవాడు, తన చెట్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

సెప్టెంబరులో కత్తులు తవ్వి తీశారు. తుప్పు పట్టి, ఎర్రటి బురద గడ్డకట్టి ఉన్నాయి. ఆ బురదతో సహా పరీక్షిస్తే ఇరవై నాలుగు శాతం పదును వచ్చింది. కమిటీ చప్పట్లు కొట్టింది. అదే నివేదిక రెండో పేజీలో, మొదట పంపిన నమూనాల ఫలితాల దగ్గర, అంతకంటే పెద్ద సంగతి ఉంది. నమూనాలలో ఆరింటికి పదును లేదు. ఏడో నమూనాకు మాత్రం అరవై ఒక్క శాతం ఉంది. పైగా దాన్ని తగిలించిన ఏ కత్తికైనా ఆ పదును వెంటనే అంటుకుంటోంది.

"పంపినవి ఆరే కదా, ఏడోది ఏది?" అని ప్రహ్లాదరావు గొణిగాడు.

నమూనాల పెట్టె తెరిచారు. లోపల ఒక గుడ్డపీలిక ఉంది. టీ ఒలికినప్పుడు బల్ల తుడిచి రెడ్డెమ్మ అక్కడే వదిలేసిన తడిగుడ్డ. నమూనాలతో పాటు దానికీ నంబరు వేసి, ప్లాస్టిక్ సంచీలో సీలు చేసి పంపారు.

అనంతపద్మనాభంగారు దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకున్నారు. చవకైనదా? ఇంతకన్నా చవక లేదు. జేబులో ఇముడునా? ఎవరి జేబులోనైనా ఇమిడింది. కొంగున ముడివేయుటకు అనువా? అది కొంగులోంచి చిరిగినదే. ఉభయ పక్షములనూ సమదృష్టితో చూచునా? రెండు వైపులా ఒకేలా తుడిచింది. ఆయన గుడ్డను అందరికీ చూపించారు. "ఇంత సరళమైన పరిష్కారం మన కళ్లముందే ఉన్నది" అన్నారు. నియమ నిబంధనలు రాయడానికి రెండు రోజుల సమావేశం పెట్టారు.

షెడ్డు బయట రెడ్డెమ్మ ఆ సంగతి విని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అన్నా, తడిగుడ్డతో గొంతులు కోసేది విన్యాం గానీ, కొమ్మలు కోసేది ఇప్పుడే వింటాండా."

చెంగల్రాయుడు నవ్వలేదు. ఆకులు తుంచి ఆ రోజుకు పదకొండు రోజులు. చెట్టుమీద అరవై పుల్లలు మిగిలాయి, మొగ్గలు పగలడానికి సిద్ధంగా ఉన్నాయి. అతను తుప్పు కత్తి ఒకటి పట్టుకుని ఇటుకపొడితో రుద్దుతూ కూర్చున్నాడు. తుప్పు పోయింది గానీ కత్తి వేలికి కూడా గుచ్చుకోవడం లేదు.

లోపలినుంచి రెడ్డెమ్మ కమిటీవారి టీ కప్పులు తెచ్చి కుళాయి దగ్గర బోర్లించింది. తెల్లటి పింగాణీ కప్పులు. చెంగల్రాయుడి చూపు వాటి అడుగు మీద పడింది. కప్పంతా నున్నగా మెరుస్తోంది గానీ, అడుగున బల్లకు ఆనే అంచు మాత్రం మెరుపు లేకుండా గరుకుగా, తెల్లగా ఉంది. కమిటీ బల్ల మీద చూసిన పింగాణీ కడ్డీ అతనికి గుర్తొచ్చింది. లేచి వెళ్లి వేలితో తడిమాడు. ఒక కప్పు తీసి మోకాళ్ల మధ్య బోర్లా పెట్టుకుని, అంచు మీద ఉమ్మి తడిచేసి, కత్తి వాలు పక్క ఆనించి మెల్లగా లాగాడు. నాలుగు తిప్పులు, పది తిప్పులు. ముంజేతి మీద పెట్టి చూశాడు. వెంట్రుకలు రాలాయి.

"రెడ్డెమ్మా, పట్టీలు తీస్కరా" అన్నాడు.

లోపల రెండు రోజులు గుడ్డ పొడవెంత, వెడల్పెంత, ఎన్నిసార్లు పిండవలెను అన్న చర్చ సాగింది. బయట ఆ రెండు రోజులూ చెంగల్రాయుడు పుల్ల ఏటవాలుగా చెక్కడం, మొక్కలో దింపడం, రెడ్డెమ్మ పట్టీ చుట్టడం. పది అంట్లకొకసారి కప్పు కావాలి. రెడ్డెమ్మ లోపలికి పోయి, "ఇంకోసారి టీ తీసుకుంటారా సార్?" అని అడిగేది. సభ్యులు కాదనలేదు. ఆ రెండు రోజుల్లో వాళ్లు తాగినంత టీ ఏ కమిటీ తాగి ఉండదు. అరవై అంట్లు అయిపోయాయి.

నెలన్నర తిరిగేసరికి ముప్పయ్యేడు చిగిర్చాయి. రాగిరంగు లేతాకులు. మిగతా ఇరవై మూడూ పోయాయి, కత్తిది కాదు తప్పు, పుల్లలు అప్పటికే సత్తువ లేనివి. అక్టోబరు గాలివానకు సాంబ్రాణి చెట్టు మొదలంటా కూలిపోయింది. చెంగల్రాయుడు పోయి దాని పక్కన కాసేపు కూర్చుని వచ్చాడు.

ముప్పయ్యేడు అంట్లు పడ్డాయన్న వార్త పైకి పోయింది. తడిగుడ్డ విజయోత్సవానికి తేదీ పెట్టారు. ఉత్సవం ముందురోజు మొక్కల ముందు కొత్త బోర్డు పాతారు. దానిమీద "తడిగుడ్డ–1" అని ఉంది.

"ఇదేంది సార్?" అన్నాడు చెంగల్రాయుడు.

"రకం పేరు. కమిటీ పెట్టింది. తడిగుడ్డ పదునుతో పుట్టిన తొలి రకం కదా" అన్నాడు ప్రహ్లాదరావు, అతని మొహంలోకి చూడకుండా.

చెంగల్రాయుడికి ఒళ్లు మండిపోయింది. రాయి పట్టుకుపోయినప్పుడు ఊరుకున్నాడు. కత్తులు నాటినప్పుడు ఊరుకున్నాడు. చెట్టు పోయింది, దాని పేరైనా మిగలనివ్వరా?

మరునాడు మళ్లీ బ్యాండు, మళ్లీ రిబ్బను. కమిషనర్‌గారికి వేదిక మీద టీ ఇచ్చారు. ఆయన ఎడమచేత కప్పు పట్టుకునే, కుడిచేత వెండిగిన్నెలోని తడిగుడ్డతో కత్తిని ఇటు ఒకసారి, అటు ఒకసారి తుడిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. రిబ్బను వంగింది. మళ్లీ తుడిచారు. మళ్లీ వంగింది. అనంతపద్మనాభంగారు గుడ్డ మరికొంచెం తడపమన్నారు. బ్యాండువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫొటోగ్రాఫర్ ముందుకు వంగాడు. కమిషనర్‌గారి నుదుటిన చెమట పట్టింది.

చెంగల్రాయుడు వేదిక ఎక్కి తన చేతిలోని కత్తిని ఆయనకిచ్చాడు. ఆనించగానే రిబ్బను రెండుగా వేలాడింది.

"ఆహా! దీన్ని ఏ గుడ్డతో తుడిచారు?" అన్నారు కమిషనర్‌గారు.

"గుడ్డ కాద్సార్. మీ చేతిలో దానితో."

కమిషనర్‌గారు తన ఎడమచేతిలోని టీ కప్పు వైపు చూసుకున్నారు. చెంగల్రాయుడు దాన్ని మర్యాదగా అందుకుని, మిగిలిన టీ పారబోసి, బోర్లించి, అడుగంచు మీద కత్తి నాలుగుసార్లు తిప్పి చూపించాడు. "ఆ మొక్కలు దీంతోనే బతికినాయి సార్. అది తడిగుడ్డ కాదు. సాంబ్రాణి మామిడి. రాయి ఉండింటే నూరు బతికుండును."

అనంతపద్మనాభంగారు కుర్చీలో కూలబడ్డారు. కమిషనర్‌గారి కళ్లు మాత్రం మెరిశాయి. అది చాలా ప్రమాదకరమైన మెరుపు.

మూడోరోజుకు సర్క్యులర్ దిగింది. పదును సాధనంగా టీ కప్పు యొక్క విశిష్టత ఉన్నతాధికారుల స్వీయానుభవంలో రుజువైనందున, రాష్ట్రమంతటికీ ఏకరూపమైన, చవకైన, జేబులో ఇమిడే కప్పు ఎంపికకు అదే కమిటీని నియమించారు. ఎంపిక పూర్తయ్యే వరకు శాఖ ఆవరణలో ఎవ్వరూ ఆమోదం లేని కప్పు వాడరాదు. కప్పులన్నీ నమూనాలుగా సమర్పించాలి. గ్లాసులో తాగవచ్చునా అని రాజధాని కార్యాలయం వివరణ కోరింది. ప్రత్యామ్నాయ పాత్రలకు సైతం నిషేధం వర్తించునని అరగంటలో జవాబు వచ్చింది.

పదకొండు గంటల టీ లేకుండా శాఖ ఒక రోజు గడిపింది. రెండోరోజు మధ్యాహ్నానికి ఫైళ్లు కదలడం ఆగిపోయింది. మూడోరోజు పొద్దున పదిన్నరకు చింతలమిట్టలో కమిటీ కూర్చుంది. ఈసారి జేబు నిర్వచనం ఎవరూ అడగలేదు. పదకోశం ఎవరూ తెమ్మనలేదు. పదకొండుకు అయిదు నిమిషాలుండగా తీర్మానం బయటికొచ్చింది. కమిటీ చరిత్రలో అదొక్కటే ఒక పేరాలో అయిపోయిన తీర్మానం.

"కత్తి వాడువారు తమ అనుభవము కొలది తమకు తోచిన దానితో తమ కత్తిని తామే నూరుకొనవచ్చును. సిబ్బందికి తెలిసిన విషయమందు కమిటీ జోక్యము అనవసరము. నమూనాలన్నియు వాపసు చేయవలెను. కప్పులు తక్షణమే."

ప్రహ్లాదరావు ఖాకీ కవరు తెచ్చి చెంగల్రాయుడి చేతిలో పెట్టాడు. లక్క పగలగొట్టి చూస్తే రాయి ఎలా ఇచ్చాడో అలాగే ఉంది. లోపల మీటింగు గదిలో కప్పుల చప్పుడు, నవ్వులు వినిపిస్తున్నాయి.

"అయిదు నెలలన్నా. అరగంట పని" అంది రెడ్డెమ్మ. "ఆ కాగితం వచ్చిన దినమే వీళ్ల టీ ఆపేసుంటే చెట్టుకు రెండు నూర్ల పిల్లలు మిగిలుండును గదా."

చెంగల్రాయుడు రాయి తడిచేసుకుని కత్తి నూరుకున్నాడు. ముప్పయ్యేడు మొక్కల ముందుకు వెళ్లి, బోర్డు మీది "తడిగుడ్డ–1" అనే అక్షరాలను ఒక్కొక్కటే గీకి తీసేసి, కత్తి మొనతోనే "సాంబ్రాణి" అని చెక్కాడు.